నా పెయ్యకు పొట్ట, దాని పెయ్యకు ఎత్తు

బోనాలకు ముందటి సోమవారం, పొద్దున ఆరున్నర. పశువుల డాక్టర్ అమీర్‌పేటలో మా సందు చివర బండి ఆపాడు. అక్కడున్నది ఒకటే రేకుల కొట్టం, మధ్యలో అడ్డకర్ర. ఇటు సగం నాది, అటు సగం నా తోటికోడలిది. రెండేళ్ల కింద మా ఆవులు రెండూ ఒకే వారంలో ఈనాయి, రెండూ పెయ్యలనే వేశాయి. ఇప్పుడు వాటికి చూడి కట్టే సూది వేయించే వయసు. నా ఆవు ముసలిదై పాలు ఆపేసింది. పెయ్య చూడి కట్టకపోతే కొట్టంలో నా సగం హాస్టల్ పిల్లల బైకులకు ఇచ్చేస్తానని నా కొడుకు తేల్చేశాడు.

పెయ్యకు నేనేం తక్కువ చేయలేదు. పక్క హాస్టల్లో మిగిలిన అన్నం, రొట్టెలు రోజూ బకెట్ నిండా తెచ్చి పోశాను. పొట్ట కుండలా దిగింది. అది చూసి మురిశాను. కానీ తోటికోడలి పెయ్య ఎత్తు సాగింది. వెంట్రుక నూనె రాసినట్టు మెరిసేది. అటు చూడొద్దనుకుంటూనే చూసేదాన్ని, చూసినప్పుడల్లా కడుపు మండేది.

డాక్టర్ సంచిలోంచి టేపు తీసేలోపు తోటికోడలి దాణా బస్తా మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. మనవరాలి పలక మీద చదువు నేర్చినదాన్ని, మెల్లగా వస్తుంది. బై... పాస్... ప్రొటీన్. పంజాగుట్ట ఆసుపత్రిలో మా ఆయన గుండెకు చేసిందీ బైపాసే.

"ఏమే, నీ పెయ్యకు గుండె జబ్బా ఏంది?" అన్నాను, అందరికీ వినబడేట్టు.

డాక్టర్ పగలబడి నవ్వాడు. "గుండె కాదు పెద్దమ్మా. పంజాగుట్ట ఫ్లైఓవర్ లెక్క. కింద సిగ్నల్ కాడ ఆగకుండ బండి పైకెళ్లి పోతది గద? గీ ప్రొటీన్ సుత మొదటి కడుపుల కరగకుండ ముందుకు పోయి అరుగుతది. ఒంటికి పడుతది."

"మరి నేను పెట్టిన అన్నం?"

"ఉత్త అన్నంతోని పొట్టనే వస్తది. ఎముక, కండ రావాలంటె పచ్చిగడ్డి, పల్లి చెక్క, గిసుంటి దాణా పడాలె."

నా పెయ్య ముందుకాళ్ల వెనకగా టేపు చుట్టాడు. సూదికి కావాల్సిన కొలత రాలేదు.

"జర వెనకకు జరుపు బిడ్డా, అక్కడ మస్తుంది."

"గది పొట్ట పెద్దమ్మా! కొలిచేది ఛాతీ."

తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాని పెయ్య కొలతకు సరిపోయింది. ముందురోజు సాయంత్రమే ఎదకు కూడా వచ్చింది. సూది పడింది. నాదాన్ని ఇంకా పెరగనియ్యమన్నాడు.

నా కొడుకు నా వైపు తిరగలేదు. "చిన్నమ్మా, గా దాణా ఏడ దొరుకుతది?" అని దాన్నే అడిగాడు.

"దొరికినప్పుడు తెద్దువులేరా. అక్కకు ఎప్పుడో చెప్పిన, వినలే. ఇయ్యాలకు నాదే పెడ్త."

బస్తాలోంచి తీసి, నా పెయ్య ముందు తానే పోసింది. వద్దందామని నోరు తెరిచాను. నా కొడుకు, "అయితే బైకుల ముచ్చట మూడు నెలలు ఆపుత," అన్నాడు. నోరు మూసుకున్నాను. పెయ్య తొట్టి అడుగు దాకా నాకి, ఇంకా కావాలని తోటికోడలి చేతి వైపే మెడ చాచింది.

అది చూసినవాళ్లు: డాక్టర్, నా కొడుకు, నా తోటికోడలు, సూది వేయించుకుని నిలబడ్డ దాని పెయ్య, నేను.