ఆకాశం పుట్టించిన మబ్బులు

వీధిలో అందరూ ఆయన్ని ఆకాశం అని పిలుస్తారు. గనుల ఆఫీసులో కూర్చుని, ఉపగ్రహం తీసిన చిత్రాలను నెలనెలా పక్కపక్కన పెట్టి, గని గొయ్యి ఎంత పెరిగిందో గీత గీయడం ఆయన ఉద్యోగం. టీ కొట్టు దగ్గర మాత్రం, కింద చీమ మీసం మెలేసినా పైనుంచి తనకు తెలిసిపోతుందంటాడు. గీత గీసేముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. గొయ్యి హద్దు దాటిన నెలల్లో ఇంకాస్త ఎక్కువసేపు తుడుస్తాడు. ఆ తర్వాత పై అధికారి చెప్పినట్టే, దాటినంత మేరా తెల్లరంగు పూసి, 'మబ్బు అడ్డం వచ్చింది' అని రాసేస్తాడు. పదకొండేళ్లలో ఆయన పుట్టించిన మబ్బులు కురిసుంటే ఆ గొయ్యి ఈపాటికి సముద్రమయ్యేది.

మొన్న ఆయన అక్క ఆఫీసుకొచ్చింది. గొయ్యి పక్కనున్న ఆమె చేను సగం జారి లోపల పడింది. హద్దు దాటి తవ్వారని రుజువు తెస్తేనే ఫిర్యాదు తీసుకుంటామని పోలీసులు అన్నారట.

"పైనుంచి అన్నీ కనపడతాయని ఊరంతా కోతలు కోస్తావుగా. మన చేను ఫొటో ఒక్కటి ఇవ్వరా తమ్ముడూ," అంది.

ఆయన పాత నివేదికలు తెరిచాడు. చేను ఉన్నచోట మూడేళ్లుగా తెలుపే, కింద తన సంతకం. అసలు చిత్రాలు పక్క ఫైల్లోనే ఉన్నాయి. అవి బయటపెడితే ముందు దొరికేది తనే. కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"ఈ మూడేళ్లూ మబ్బు అడ్డం వచ్చిందక్కా."

అక్క ఆ తెలుపువైపు చాలాసేపు చూసింది.

"ఆ మూడేళ్లూ చుక్క వాన లేక చేను ఎండబెట్టుకున్నాం కదరా."