వేలి కొసకు చేరిన చుక్క

మొన్న పొద్దున మా వాడకట్టులో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది, నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్న పక్కింటి అన్న పోయాడని.

తోడబుట్టినవాడు కాదు, గోడ అవతలి మనిషి. ఆయన పని అతుకులు. మగ్గం మీద నూలు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేళ్లు జారకుండా బూడిదలో అద్దుకునేవాడు. కళ్లు ఎటో ఉండేవి, వేళ్లే చూసేవి. "పాత కొస కోసి పారెయ్యద్దు తమ్మీ, గదే కొత్త పోగుకు తొవ్వ సూపెడ్తది" అనేవాడు.

చిన్నప్పుడు నా బిడ్డ గంటలకొద్దీ ఆ వేళ్లనే చూసేది. ఇప్పుడది హైదరాబాదులో శాస్త్రవేత్త! నొప్పి ఎలా పుడుతుంది, తెగిన నరం మళ్లీ ఎలా పెరుగుతుంది, ఇదే దాని పరిశోధన. నాది ఏడో తరగతి చదువు. ఎవరడిగినా ఇంతే చెప్పగలను, చెప్పిన ప్రతిసారీ గొంతు దానంతటదే పెద్దదవుతుంది.

పోయినేడు అద్దం పగిలి అన్న కుడి మణికట్టు తెగింది. దవాఖానలో నరం కలిపి కుట్టారు. ఇంటికొచ్చి ఏం చేశాడనుకున్నారు? కుట్ల మీద బూడిద అద్దుకున్నాడు! అతుకు నిలవాలంటే బూడిద పట్టాలి కదా మరి. ఆ వారమే వచ్చిన నా బిడ్డ చూసి కేకలేసింది.

"పెద్దబాపూ! నరం నూలుపోగా? చీము పడితే చెయ్యే పోతది. లే, దవాఖానకు పోదాం."

"నలపై ఏండ్ల సంది అతుకుతున్న, నాకే నేర్పుతున్నవా బిడ్డా?" అంటూనే చెప్పులు వేసుకున్నాడు.

పుండు మానింది గానీ మూడు వేళ్లు మొద్దుబారాయి, అరచెయ్యి మండేది. పోగు పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియదు. "మానిన చేతికి మంటేంది? పని తప్పించుకునే ఏశాలు" అంది వదిన. నా బిడ్డ మాత్రం ఎదురుగా కూర్చుని "ఎట్ల మండుతది, చెప్పు" అంది.

"కండ్లకు కనవడని ఎర్రచీమలు బారులు కట్టి పోతున్నట్టు."

అది పుస్తకంలో రాసుకుంది. "గది నిజమైన నొప్పే పెద్దమ్మా" అంది. తెగిన నరం పాత దారి పట్టుకునే మెల్లగా పెరుగుతుందట. తడితే జివ్వుమనే చోటు ముందుకు జరిగితే నరం అంతదూరం వచ్చినట్టేనట. "వేలి కొస దాంక అస్తదని ఒట్టేస్తలేను పెద్దబాపూ. వయసైంది. సూద్దాం."

"పాత కొస ఉన్నది గదా. అస్తది" అన్నాడు అన్న.

అప్పటినుంచి ప్రతి సోమవారం చెయ్యి తట్టుకుంటూ పోయి, జివ్వుమన్న చోట నీలం పెన్నుతో చుక్క పెట్టేవాడు. వెలిసిన పాత చుక్కలను మళ్లీ దిద్దేవాడు. గోడ మీదుగా చెయ్యి చాపి, "బిడ్డకు ఫోన్ కొట్టు తమ్మీ, ఇంకో గింజంత జరిగింది" అనేవాడు. చాయ్ హోటల్ దగ్గర ఒకడు "చేతి మీద కొండగట్టు గుడి మెట్లు కడ్తున్నవా తాతా?" అన్నాడు. "ఔ, ఎక్కుతున్న. నువ్వు కిందనే ఉండు" అన్నాడు అన్న.

మధ్యాహ్నం సాంచాల చప్పుడులో నాకు కునుకు పడితే ఆ చుక్కలే కనిపించేవి. నీలం దీపాలు ఒకదాని వెనక ఒకటి నీళ్ల మీద సాగిపోతున్నట్టు, నేను ఒడ్డున నిలబడి లెక్క మరిచిపోతున్నట్టు.

పోయిన నెల నా బిడ్డ వచ్చింది. అన్న కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. అది చూపుడువేలి కొస మీద ఒక పోగు ఆనించింది. ఏదో వింటున్నట్టు అన్న తల పక్కకు వంచాడు.

"ఉన్నది" అన్నాడు. పోగు తీసేసింది. "తీసినవ్."

వదిన నెమ్మదిగా వచ్చి తన వేలు పెట్టింది. కళ్లు తెరవకుండానే నవ్వాడు. "గిది పోగు కాదు. నువ్వు."

వదిన ఏడ్చింది. నా బిడ్డా ఏడ్చింది. నేనైతే చెప్పులు కూడా వేసుకోకుండా వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చాను. చావు గురించి రాస్తూ ఇంత సంతోషమేంటని కోప్పడకండి. మంట పూర్తిగా పోలేదు, మళ్లీ అతుకులకు కూర్చోనూ లేదు. కానీ ఆయన ఎదురుచూసింది వచ్చాకే వెళ్లాడు.

స్నానం చేయించేటప్పుడు ఆ చేతికి వదిన సబ్బు పెట్టనివ్వలేదు. మణికట్టు నుంచి వేలి కొస దాకా నీలం చుక్కలు తడిసి మెరుస్తున్నాయి. చిట్టచివరి చుక్క మీద తన వేలు ఆనించి, ఆమె చాలాసేపు తీయలేదు.