పేగులో ఏమీ లేదని చెప్పిన రోజు

2022 వేసవి. కడపలో నేను పనిచేసే స్కానింగ్ సెంటరుకు వేంపల్లె నుంచి చెన్నారెడ్డి అనే చీనీ (బత్తాయి) తోట రైతు వచ్చాడు. అరవై ఆరేళ్లు. వాళ్లన్న పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. తనకూ అదే వస్తుందన్న బెంగతో కొలనోస్కోపీకి వెళితే కెమెరా గొట్టం పేగులో ఒక మలుపు దగ్గర ఆగిపోయిందట. అందుకని డాక్టరు సి.టి. కొలనోగ్రఫీ రాశారు. ముందురోజే మందులతో పేగు శుభ్రం చేసి, కింది నుంచి సన్నని గొట్టంతో గ్యాస్ నింపి, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తీసే స్కాన్ అది.

గ్యాస్ ఎక్కుతుంటే ఆయన అడిగాడు. "ఏమప్పా, సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు కొడతాండావే, పగలదు గదా?"

"పగలదులే పెద్దాయనా. ఇంకొంచెం ఓర్చుకో."

"ఓర్చుకుంటా. బయట మా ఆడామెకు మాత్రం చెప్పొద్దు. ఊరంతా చెప్తాది."

స్కాన్ అయ్యాక తెర మీద పేగు వెంట చూసుకుంటూ పోయాను. ఎక్కడా గడ్డ లేదు. నేను టెక్నీషియన్ని, ఫలితం చెప్పాల్సింది రేడియాలజిస్టు. కానీ ఆ ముఖం చూస్తే నోరు ఆగలేదు. "ఏమీ లేదు, ధైర్యంగా పో" అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటికి పోయి ముందు సంగటి తింటానని, రిపోర్టు కోసం కూడా ఆగకుండా, భార్య రమణమ్మతో బస్సెక్కేశాడు.

మధ్యాహ్నం మా రేడియాలజిస్టు మేడమ్ నన్ను పిలిచారు. ఈ స్కాన్‌లో పేగొక్కటే పడదు. కాలేయం, కిడ్నీలు, ఎముకలు అన్నీ పడతాయి. పేగు బయట అనుకోకుండా దొరికేవాటిని ఇన్సిడెంటల్ ఫైండింగ్స్ అంటాం. చాలావరకు ప్రమాదం లేని నీటితిత్తులే. ఇది అలాంటిది కాదు. వెన్ను ముందునుంచి దిగే పెద్ద రక్తనాళం, అయోర్టా, రెండు సెంటీమీటర్లు ఉండాల్సింది ఆరుకు ఉబ్బింది. దాన్ని అన్యూరిజమ్ అంటారు. పగిలితే ఆసుపత్రికి చేరడమే కష్టం.

వెంటనే ఫోన్ చేశాను.

"పొద్దున లేదంటివి, ఇప్పుడు ఉండాదంటివి. నేను బస్సు దిగేలోపల మొలిచిందా? మీ యవ్వారాలు నాకు తెలుసులేప్పా" అని పెట్టేశాడు.

మరుసటి పొద్దున వేంపల్లె వెళ్లాను. తోటలో డ్రిప్పు పైపులు సరిచేస్తున్నాడు. పక్కనే రమణమ్మ. ఫోన్‌లో స్కాన్ ఫొటో చూపించాను. "నేను పేగొక్కటే చూసి నోరు జారినా. తప్పు నాది. నా మీద కోపంతో నువ్వు ఆసుపత్రికి పోకుండా ఉండొద్దు."

ఆయన తల తిప్పకుండా పైపు బిగించుకుంటూనే ఉన్నాడు. రమణమ్మ వంగి చూసింది. "ఇదేంది, ఎండకు మెత్తబడిన పైపు ఉబ్బినట్టుండాది?"

"అదేనమ్మా."

ఆమె భర్త వైపు తిరిగింది. "పైపు ఉబ్బితే పగిలేదాకా చూస్తావా, కోసి ముక్కేస్తావా?"

"కోసి ముక్కేస్తా."

"మరి లెయ్యి. గాలి కొట్టించుకున్నోనివి, దీనికేం భయం?"

ఆయన నా వైపు ఉరిమి చూశాడు. "చెప్పొద్దంటి గదప్పా."

"ఆయప్ప యాడ చెప్పినాడు? నిన్న బస్సులో అందరికీ నువ్వే చెప్తివి గదా" అంది రమణమ్మ. ముందు నవ్వింది ఆయనే.

ఆ వారమే తిరుపతిలో స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టారు. తొడలోని నాళం గుండా పంపి, ఉబ్బినచోట లోపల కొత్త గొట్టం తొడగడం అన్నమాట. నెల తర్వాత మళ్లీ స్కాన్‌కు మా దగ్గరికే వచ్చాడు. బల్ల మీద నుంచి లేవకముందే అడిగాడు. "ఎట్లుండాదప్పా?"

తెర మీద గొట్టం తిన్నగా కనిపిస్తోంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "మేడమ్ అంతా చూసి చెప్తారు. అంతవరకు కూర్చో పెద్దాయనా" అన్నాను. ఇప్పుడు ఎవరు అడిగినా అదే చెబుతున్నాను. పేషెంటుకు ధైర్యం చెప్పడం సులువు. పూర్తిగా చూసేదాకా ఆగడమే మా పని అని ఆయన దగ్గర నేర్చుకున్నాను.

గంట తర్వాత మేడమ్ బయటికొచ్చి అంతా బాగుందన్నారు. చెన్నారెడ్డి వరండాలోనే ఊరికి ఫోన్ కలిపాడు.

"పేగులోపలా బాగుండాదంట, పేగు బయటా బాగుండాదంట. ఆ, ఈసారి రిపోర్టు చేతిలో పెట్టుకొనే చెప్తాండా."