మంత్రాల పుస్తకానికి బినామీ

నేను ఇప్పటిదాకా రెండుసార్లు నిలువునా మునిగాను. మొదటిసారి చదవడం రాక, రెండోసారి చదవడం వచ్చి. మొదటిసారి పోయినవి బోరు నీళ్ళే. రెండోసారి మా మనవరాలి ప్రాణం మీదికి వచ్చింది, నా పరువు సంగతి ఇక అడగొద్దు. జాలిపడే మనసున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది. విన్నవాళ్ళందరూ నవ్వారుగానీ ఒక్కరూ జాలిపడలేదు, మీరు మాత్రం ఎందుకు మొహమాటపడాలి.

మొదటిది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది చిల్లకల్లు దగ్గర మిరప చేను. గట్టు సరిచేసుకునే కాయితం అని చెప్పి పక్క చేనాయన నా చేత వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది మా బోరు మీద ఆయనకు సగం హక్కు రాసిచ్చిన కాయితం. ఆ మంటతోనే యాభై రెండేళ్ళప్పుడు, పంచాయతీ ఆఫీసు వరండాలో మధ్యాహ్నం పూట నడిచే వయోజన బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఇక మనిషన్నవాణ్ణి నమ్మితే ఒట్టు. బస్సు టిక్కెట్టు వెనకవైపు కూడా చదివేదాన్ని. శుభలేఖ ఇస్తే వరుడి పేరు పైనా కిందా ఒకటేనా కాదా అని సరిచూసుకునిగానీ ఆ పెళ్ళికి వెళ్ళేదాన్ని కాదు.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ కిందటి మాట. మా కూతురి కూతురు హారిక జగ్గయ్యపేటలో మా ఇంట్లోనే ఉండి కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నందిగామ పోయి సాయంత్రం వచ్చేది. ఎక్కడికే అంటే ఆటకంది. ఏం ఆటే అంటే కూర్చుని ఆడే ఆటంది. గెలిస్తే ఏమిస్తారే అంటే, ఏమీ ఇవ్వరు, అసలందులో గెలవడమే ఉండదంది. గెలుపు లేని ఆట కోసం ఆదివారం పూట పొద్దున్నే లేచే పిల్లను నేనెక్కడా చూడలేదు. తరవాతి వారం నేనూ బస్సెక్కాను.

నందిగామలో రంగుల కొట్టు పైన ఒక గది. కొట్టు యజమాని మురళి ఆ ఆటకు మాస్టరు. వీరులపాడు నుంచి వచ్చే పశువుల డాక్టరు ప్రసాదు ఒక ఆటగాడు, మా హారిక ఇంకో ఆటగత్తె. అంతే జనం. మాస్టరు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర కట్టి, నా మనిషి ఇటు పోతాడు, నా మనిషి ఇది చేస్తుంది అంటూ అందులో దూరతారు. చేసింది కుదిరిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. పాత్ర గుణగణాలన్నీ ఒక కాయితం మీద రాసుకుంటారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మురళి తన ముందు మడత అట్టలు నిలబెట్టుకుని, వాటి చాటున తన పాచికలు వేసుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది. సంతలో ఎద్దుల బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, తువ్వాలు బయట ఉన్న రైతు వెర్రిమొహం వేసుకుని చూస్తుంటాడు. ఇది ఆ తువ్వాలే, కాకపోతే అట్టతో చేశారనుకున్నాను. ఆ మోసమేదో పట్టుకుందామని నేనూ ఒక పాత్ర తీసుకుని కూర్చున్నాను, మఫ్టీలో పోలీసు కూర్చున్నట్టు. మూడు నెలలు తిరిగేసరికి ఆదివారం బస్సు కోసం హారిక కన్నా ముందు నేనే తయారయ్యేదాన్ని. నేరం మాత్రం ఇంకా దొరకలేదు.

నా పాత్ర పేరు నాంచారి. గొడ్డలి తిప్పుతుంది, చదువు రాదు. పాత్ర కట్టేటప్పుడు పాచిక దానికి మంచి తెలివి ఇచ్చింది. గొడ్డలి పట్టేదానికి అంత బుర్రెందుకని అందరూ నవ్వారు. డాక్టరుది అడవి మనిషి, జంతువులతో మాట్లాడగలడు. పగలంతా గొడ్లతో మాట్లాడే మనిషి ఆదివారం కూడా అదే పనికి వచ్చాడు. హారికది దుర్గి అనే దొంగపిల్ల, రెండేళ్ళుగా పెంచుకున్న పాత్ర. మా ముగ్గురి మూటలూ మోయడానికి బుల్లోడని ఒక గాడిద.

ఒక ఆదివారం కథలో దుర్గి ఒక కోటలో దీపం కాజేయబోయి రాతి గదిలో ఇరుక్కుంది. తలుపు మూసుకుంది, లోపల నీళ్ళు ఊరుతున్నాయి. మేమున్న వైపు తలుపు మీద ఏదో రాసుంది, ఎవరికీ తెలియని లిపి. మురళి ఆ రోజుకు అక్కడ ఆపేశాడు. హారిక బస్సులో నాతో ఒక్కటే మాట అంది. "దుర్గి పోతే నేను ఇంకోటి రాసుకోను అమ్మమ్మా. ఆట మానేస్తా." వారమంతా పెరుగన్నం కెలికి వదిలేసింది.

ఆట ఆపిన ఆ ఆదివారమే, బస్సెక్కే ముందు, మా పాత్రలకు ఒక మెట్టు పెరిగింది. ఆ మెట్టు గొడ్డలికే వాడుకుంటే ఒకేసారి రెండు దెబ్బలు వేయొచ్చట. నేను వద్దన్నాను. మా నాంచారి ఈ మెట్టుకు మంత్రవిద్యలో చేరుతుంది, ఏ రాతనైనా చదివించే మంత్రం నేర్చుకుంటుంది, ఆ తలుపు చదువుతుంది అన్నాను.

ఇక పుస్తకం దగ్గర పేచీ వచ్చింది. మంత్రగాడికి పుస్తకం లేకపోతే మంత్రాల్లేవు. డాక్టరేమో, రూలు ప్రకారం ఆ విద్యలో చేరగానే ఆరు మంత్రాలతో పుస్తకం దానంతటదే వచ్చేస్తుందన్నాడు. హారికేమో, మొదటి నుంచీ మంత్రగాళ్ళయినవాళ్ళకే సామాను ఇస్తారు, మధ్యలో చేరినవాళ్ళకు ఇవ్వరని పుట్టిమునుగుతున్నా రూలే మాట్లాడింది. మురళి ఇద్దర్నీ ఆపి, పుస్తకం వస్తుంది, కానీ ఆకాశం నుంచి ఊడిపడదు, కథలో ఎవరో ఒకరు ఇవ్వాలన్నాడు.

ఎవరో ఒకరు ఇవ్వాలి అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

తరవాతి ఆదివారం కోట పక్కన పాడుబడ్డ మిద్దెలో ఒక గుడ్డి ముసలాయన ఎదురయ్యాడు. మాట్లాడేది మురళే, గొంతు మార్చి. "వచ్చావా తల్లీ. ఇది నీ కోసమే దాచాను. తీసుకో" అంటూ అట్టల వెనక నుంచి నిజంగానే ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. కొట్టులో చిట్టా పుస్తకానికి ఉంటుందే, అలాంటి ఎర్ర గుడ్డ అట్ట. లోపల ఆరు మంత్రాలు తెలుగులో, నా కళ్ళకు ఆనేలా వేలెడంత అక్షరాలతో, మురళి చేత్తో రాసినవి. ఇంకొకరైతే ఆ అబ్బాయి కష్టానికి కరిగిపోయేవాళ్ళు. నాకు మాత్రం అనుమానం ముదిరింది. పైసా అడగకుండా, ఇంత ముస్తాబు చేసి ఎవడైనా ఎందుకిస్తాడు?

"ఇది ఎవరిది తాతా?" అన్నాను.

"నాదే తల్లీ."

"నీకెవరిచ్చారు?"

"మా గురువు."

"ఆయనకు కొడుకులున్నారా? రేపు వచ్చి మాదంటే?"

మురళి నీళ్ళు తాగాడు. గురువు బ్రహ్మచారి అన్నాడు. అన్నదమ్ములో అన్నాను. లేరన్నాడు. నేను ఆరు పేజీలూ అడుగూ అంచూ వదలకుండా చదివాను, అట్ట విప్పి లోపలేమైనా అతికించారేమో చూశాను. అంతలో అట్టల చాటున పాచిక దొర్లిన చప్పుడైంది. అదేంటని అడిగితే ఏం లేదు పెద్దమ్మగారూ అన్నాడు. ఏం లేనిదానికి పాచికెందుకు?

"అమ్మమ్మా, ఇక్కడ నీళ్ళు నా నడుం దాకా వచ్చాయి" అంది హారిక.

"ఉండవే. కాయితాలు చూడనీ."

అప్పుడు ముసలాయన అసలు మాట బయటపెట్టాడు. "మొదటి పేజీలో పేరు రాయి తల్లీ. ఎవరి పేరు రాస్తే పుస్తకం వాళ్ళదవుతుంది."

ఇంకేం, దొరికాడనుకున్నాను. మూడు నెలలుగా నేను కాపు కాసింది ఈ సంతకం కోసమే. శాపమో, దయ్యమో, తాకట్టో, ఆ పేరుకు ఏదో చుట్టుకుంటుంది. అలాగని రాయకపోతే పుస్తకం రాదు, పిల్ల మునుగుతుంది. అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. ఆ దీపాన్ని అప్పుడే ఎవరైనా ఊదేసి ఉంటే బాగుండేది. భూముల సీలింగు చట్టం రోజుల్లో మా వైపు పెద్ద పెద్ద ఆసాములు ఏం చేశారు? పొలం పాలేరు పేరున రాశారు. పేరు వాడిది, పంట వీళ్ళది. నేను పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో, బుల్లోడు అని రాశాను. శాపం వస్తే గాడిదకు వస్తుంది, విద్య మాత్రం నా చేతిలో ఉంటుంది.

మురళి ఆ పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి ఇంకోసారి చదివాడు.

"పెద్దమ్మగారూ, ఇదే ఖాయమా?"

"ఖాయమే."

"అయితే మంత్రవిద్య బుల్లోడికి వచ్చిందండి."

అట్టల చాటున ఏం వేశావో ముందు చూపించమని నేను లేచి నిలబడ్డాను. పాపం, చూపించాడు. ముసలాయన ఇప్పుడు దగ్గుతాడా దగ్గడా అని పాచిక వేశాడట, ఏ సంఖ్య వస్తే దగ్గాలో పక్కన కాయితం మీద రాసుకున్నాడు కూడా. శాపం లేదు, దయ్యం లేదు. ఆ మనిషి పుస్తకం ఉత్తినే ఇచ్చాడు. నేను దాన్ని తీసుకెళ్ళి గాడిదకిచ్చాను.

బుల్లోణ్ణి తలుపు దగ్గరికి తోలాం. అది రాత చూసి తల ఊపిందట. కానీ చదివింది చెప్పాలంటే దానికొచ్చింది ఓండ్రింపే. డాక్టరు పాత్ర దానితో మాట్లాడింది, మాస్టరు చెప్పిన జవాబు ఆయన నాకు అందించాడు.

"అమ్మా, బరువు దించితేనే చదువుతానంటున్నాడు. చదువుకున్నవాడు మూటలు మొయ్యడంట."

"అది అంటోందా, నువ్వంటున్నావా? గాడిద భాష నీకొక్కడికేగా వచ్చు. నాకు రాతమూలకంగా ఇవ్వమను."

"నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి" అంది హారిక. ఈసారి నవ్వడం లేదు. "నేను చచ్చిపోతుంటే నువ్వు గాడిదతో పత్రాలు రాయించుకుంటున్నావ్ అమ్మమ్మా."

ఆ పిల్ల కళ్ళు చూశాక పత్రం సంగతి వదిలేశాను. నా కాయితం మీద, సామాను గళ్ళో, ఎనిమిది మూటలు అని రాసుకున్నాను. నాంచారి వంగింది, బరువు మారింది. బుల్లోడు తీరిగ్గా తలుపు చదివింది. ఎడమ పక్క మూడో రాయి నొక్కమని ఉందట. నొక్కాం. దుర్గి తడిసి ముద్దై బయటపడింది. బయట పడుతూనే గాడిద మెడ కౌగిలించుకుంది, నా వంక చూడలేదు.

ఆట ఇంకా సాగుతోంది. బుల్లోడు ముందు నడుస్తుంది, మెడలో ఎర్ర అట్ట పుస్తకం. ఏ ఊరు పోయినా జనం దానికి లేచి నిలబడి దణ్ణం పెడతారు. వెనక నాంచారి మూటలు మోసుకుంటూ, అడ్డొచ్చినవాళ్ళను తప్పుకోమంటూ వస్తుంది. ఈమధ్య బుల్లోడు నిప్పు విసిరే మంత్రం కూడా నేర్చింది. నాకు నేర్పమని డాక్టరు ద్వారా అడిగించాను. చూద్దాం అందట.

కాబట్టి జగ్గయ్యపేట కాపురస్తురాలైన సామ్రాజ్యం అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఇకమీదట ఏ విద్యనూ నాలుగు కాళ్ళ జీవి పేరున రాయను. రెండు కాళ్ళ వాటి సంగతి అప్పటికప్పుడు చూసుకుంటాను. సాక్షి సంతకాలు రెండు. ఒకటి పశువుల డాక్టరుది. రెండోదీ ఆయనదే, బుల్లోడి తరఫున.