హరిపద బాబు పికప్‌కి మూడో సీలు

ఝపటాపూర్‌లో నలుగురు మెకానిక్కులు చేరితే హరిపద బాబు పికప్ కథ ఇప్పటికీ వస్తుంది. రెండుసార్లు సీలు మార్చినా ఆగని ఆయిల్‌ని నేను లైబ్రరీ పుస్తకం చదివి ఆపానని చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగం కథ. మిగతా సగం బాగా తెలిసినవాళ్లం ముగ్గురం, మాలో హరిపద బాబు ఇప్పుడు లేరు. తెలిసినవాళ్లు ఉండగానే అది కూడా కాగితం మీదకి రావాలని రాస్తున్నాను.

అది 1966. మా నాన్న బెంగాల్లోని ఈ రైల్వే ఊరి వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఝపటాపూర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసేవాణ్ణి. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనే. సాయంత్రం కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుని లైబ్రేరియన్ సూర్యనారాయణ గారికి చూపిస్తేనే పుస్తకం దొరికేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మోటారు పుస్తకాలు పేజీ పేజీ చదివాను. మిగతావాళ్లు గురువు ఎలా చేస్తే అలా చేసేవారు. నేను ఎందుకు చేయాలో తెలుసుకుని చేసేవాణ్ణి. ఆ గర్వం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

హరిపద బాబుకి పక్క పేట ఇందాలో ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలిటరీవాళ్లు వేలం వేసిన ఒక పికప్‌లో రోజూ తెల్లవారుతూనే ఐసు దిమ్మలు బేల్దా చేపల బజారుకి వెళ్లేవి. దారిలో బండి ఆగితే సరుకు నీళ్లయిపోతుంది. డ్రైవరు సింహాచలం మా వైపు మనిషే, టెక్కలి దగ్గర్నుంచి వచ్చాడు. భార్యని తెచ్చుకుని పూరీ గేట్ దగ్గర కాపురం పెట్టి మూడు నెలలు.

విశ్వకర్మ పూజ అయిన రెండు వారాలకి ఆ బండి వెనక ఇరుసు నుంచి ఆయిల్ కారుతోందని తెచ్చాడు. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన పెట్టె ఉంటుంది, దాన్ని డిఫరెన్షియల్ అంటారు. ఇంజను తిప్పుడుని రెండు చక్రాలకీ పంచేది అదే. ఆ తిప్పుడుని లోపలికి తీసుకెళ్లే చిన్న పళ్ల చక్రం పినియన్. దాని కాడ పెట్టెలోంచి బయటికి వచ్చే చోట ఆయిల్ జారకుండా పట్టుకునే తోలు కట్టు సీలు. ఆయిల్ అక్కడి నుంచే వస్తోంది. పట్టించుకోకపోతే లోపల పళ్లు ఎండిపోయి అరిగిపోతాయి.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ఇంజను నుంచి వచ్చే షాఫ్ట్ విప్పి, పినియన్ చివరి నట్టు మీదా కాడ మీదా పంచ్‌తో చుక్కలు కొట్టాను. తిరిగి బిగించేటప్పుడు ఆ రెండు చుక్కలూ కలవాలి, లేకపోతే లోపలి బేరింగులు నలుగుతాయి. పాత సామాన్ల నసీర్ మియా వెతికి తెచ్చిన తోలు సీలుని గోరువెచ్చని ఆయిల్లో నానబెట్టి, చెక్క దిమ్మతో సమంగా తట్టి కూర్చోబెట్టాను. ఊళ్లో ఇంకెవరూ అలా నానబెట్టేవారు కాదు.

పది రోజులకి మళ్లీ కారింది. రెండో సీలు వేశాను. ఈసారి సీలు రాసుకునే చోట ఇనుముని సన్నటి గరుకు పట్టీతో నున్నగా రుద్దాను కూడా. వారానికి మళ్లీ తడి.

హరిపద బాబు స్వయంగా రిక్షాలో వచ్చారు. "కీ మిస్త్రీ, ఆబార్?" అన్నారు. మళ్లీనా అని. మేమిద్దరం బెంగాలీలోనే మాట్లాడుకున్నాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సీలులో తప్పు లేదు బాబూ."

"అయితే నీ చేతిలో ఉందా?"

"నా చేతిలోనూ లేదు. ఆయిల్ ఎక్కువ పోసినా సీలు తట్టుకోలేదు. పోసేది మీ డ్రైవరు."

సింహాచలం పక్కనే ఉన్నాడు. వాడికి బెంగాలీ బాగానే అర్థమవుతుంది.

"నానేటి ఎక్కువ పోసినాను మేస్త్రీ? ఆయిల్ పోసే కన్నం అంచుదాకానే పోత్తన్నాను. అంతకి మించితే ఆ కన్నంలోంచే కారిపోదేటి?"

సరైన మాటే. నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు.

"ఇంకోటి సెప్తాను ఇను. బేల్దా నుంచొచ్చి ఆయిల్ ప్లగ్గు ఇప్పితే బుస్సుమంటన్నాది, పాము నాగ."

"పామైతే పాములోణ్ణి పిలు. నన్నెందుకు పిలత్తావు?" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. సింహాచలం నవ్వలేదు.

హరిపద బాబు తేల్చేశారు. "దీపావళికి వచ్చే కాళీ పూజ దాకా చూస్తాను. అప్పటికీ కారితే డ్రైవర్ని మార్చేస్తాను."

బండి పాడుచేశాడని ఒక యజమాని తీసేసిన డ్రైవరుకి ఇందాలో ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ సాయంత్రం లైబ్రరీలో కూర్చున్నాను గానీ ఆ బుస్సు మాట వదల్లేదు. గాలి బుస్సుమందంటే లోపల గాలి బిగిసి ఉంది. ఎందుకు బిగిసింది? సీళ్ల అధ్యాయం నాకు కంఠతా వచ్చు, అందులో గాలి సంగతి లేదు. ఆయిల్ పోయడం గురించి వేరే అధ్యాయం ఉంది. ఆయిల్ పోయడానికి కూడా చదువెందుకని దాన్ని ఎప్పుడూ చదవలేదు. ఆ రోజు చదివాను.

ఇరుసు పైన చిన్న టోపీలాంటి గొట్టం ఉంటుంది, పేరు బ్రీదర్. బండి నడిచి ఇరుసు వేడెక్కితే లోపలి గాలి పెరిగి దాని గుండా బయటికి పోతుంది. అది మూసుకుపోతే ఆ గాలి ఆయిల్‌ని సీలు అంచు దాటించి నెట్టేస్తుంది. సీలు ఎంత కొత్తదైనా అంతే. పక్కన టోపీ బొమ్మ ఉంది. అది నాకు తెలిసిన టోపీయే. దానికి నేను రంగు వేశాను.

విశ్వకర్మ పూజకి మా ఊళ్లో బండ్లన్నీ కడిగి, రంగులు వేసి, దండలు కడతారు. ఆ పికప్‌ని పూజకి తయారు చేసింది నేనే. మిగతావాళ్లు పైపైన వేసి వదిలేస్తారు. నేను కిందకి వంగి చూసినా మెరవాలని ఇరుసుకి కూడా రెండు పూతలు నల్ల ఎనామిల్ వేశాను. ఆ నెలలో అలా వేసినవి ఏడు బండ్లు.

మర్నాడు బేల్దా నుంచి వస్తూనే బండిని షెడ్డుకి రమ్మన్నాను. వేడి తగ్గకముందే కింద దూరి, చాకుతో రంగు గీకి, టోపీలోకి తీగ పొడిచాను. ఆయిల్ వాసనతో వెచ్చటి గాలి నా ముఖం మీదకి కొట్టింది. సింహాచలం అటుపక్క నుంచి వంగి చూస్తున్నాడు.

"ఇదేనేటి నా పాము?"

"ఇదే."

"ఎవులు మూసినారు?"

"నానే. పూజకి రంగేసి మూసినాను."

సింహాచలం మెల్లగా అన్నాడు: "ఈ ముక్క బాబుకి నువ్వే సెప్పాల మేస్త్రీ. నాను సెప్తే నమ్మరు."

మూడో సీలు వేసి, అదే బండిలో ఇందా వెళ్లాను. ఫ్యాక్టరీ పనివాళ్ల ముందే, తప్పు డ్రైవరుది కాదు, నాదని చెప్పాను. హరిపద బాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నీ పుస్తకంలో లేదా?"

"ఉంది బాబూ. ఆ పేజీ నేను చదవలేదు."

"సరే. పూజ కోసం వేసిన రంగు కదా, విశ్వకర్మ క్షమిస్తాడు. సింహాచలం సంగతి అతన్నే అడుగు."

బయటికి వచ్చి అడిగాను. "నలుగుర్లో నీ మీద తోసినాను. తప్పయిపోనాది."

"ఇంకెన్ని బళ్లకి అలగేసినావు?"

"ఆరు."

"ఎక్కు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆరు చోట్లకీ తిప్పాడు. రెండు బండ్లకి అప్పుడే పినియన్ దగ్గర తడి మొదలైంది. ఆరు టోపీలూ గీకి, ఆరుగురు యజమానులకీ కారణం నా నోటితోనే చెప్పాను. కాళీ పూజ నాడు పికప్ కింద పరిచిన గోనెపట్టా మీద ఒక్క చుక్క లేదు. సింహాచలం ఇంకో తొమ్మిదేళ్లు ఆ బండే నడిపాడు.

అప్పటి నుంచి రంగు వేసేముందు బ్రీదర్‌కి గుడ్డ కడతాను. బండి వచ్చిందంటే డ్రైవరు ఏం విన్నాడో, ఏం వాసన చూశాడో ముందు అడిగి రాసుకుంటాను. ఆ కాగితంతోనే పుస్తకం తెరుస్తాను. పుస్తకం మీద నా నమ్మకం తగ్గలేదు. ఏ పేజీ తెరవాలో చెప్పేది మాత్రం బండితో రోజూ తిరిగే మనిషే.

నూనె చేతులవాడికి పుస్తకం ఇచ్చిన సూర్యనారాయణ గారికి, మూడో సీలు కూడా విసుక్కోకుండా వెతికి తెచ్చిన నసీర్ మియాకి, నా మాట విన్న తర్వాత కూడా తన బండి నాకే ఇచ్చిన హరిపద బాబుకి నేను రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువ సింహాచలానికి. ఆరు గుమ్మాల ముందూ వాడు స్టీరింగు దగ్గరే కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వడానికి వాడికి ఆరు అవకాశాలు వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు.