కెమెరా ముందు అవ్వ చెప్పిన మాట

ఎనభైల నడుమ సిరొంచలో మేమిద్దరం టీవీ కంపెనీ పెట్టామంటే ఇప్పుడెవరూ నమ్మరు. నేను బడిపంతులును. నా స్నేహితుడు పుట్టింది మా వీధిలోనే అయినా చంద్రపూర్‌లో పెరిగి, అక్కడ పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. టీవీ వాళ్లు బయటివాళ్లతో కూడా కార్యక్రమాలు తీయిస్తున్నారని విని ఒకరోజు బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. కెమెరా పని తనది, ఊళ్లూ భాషలూ నావి అన్నాడు. తెలుగూ మరాఠీతో పాటు నాకు గోండీ కూడా వచ్చు. కంపెనీకి పేరు నేనే పెట్టాను. మా ఇంటి ముందుగదే ఆఫీసు.

మొదటిది ప్రాణహితలో పడవ నడిపేవాళ్ల మీద తీశాం. టీవీలో మా పేర్లు రెండూ పక్కపక్కన కనబడ్డాయి. ఆ ధైర్యంతోనే మరుసటి వేసవి సెలవుల్లో బీడీలు చుట్టే తునికాకు మీద తీయడానికి రేగుంట వైపు పోయాం. అక్కడ కరెంటు లేదు. బ్యాటరీలు సిరొంచలో చార్జి చేసుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయేవాళ్లం.

ఆకు కొనే కల్లంలో కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ మంచి కట్టలను కూడా ఆకు బాగాలేదని డబ్బు కట్టకుండా పక్కకు తోసేవాడు. చీకటి పడేలోపు అవే కట్టలు లారీ ఎక్కేవి. అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. నా దగ్గర చదివిన ఒక పిల్ల నాయనమ్మను కెమెరా ముందు చెప్పమని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు.

“నేను చెప్పినంక నా మాట మారుస్తరా, బిడ్డా?”

నా స్నేహితుడు ఆమె ముందు గొంతుక్కూర్చుని, “నీ మాట నీ నోటితోనే వస్తది, అవ్వా. నేనెందుకు మారుస్త?” అన్నాడు.

తోసేసిన కట్టను చేతిలోకి తీసుకుని, ఒక్కో ఆకూ విప్పి చూపిస్తూ ఆమె అంతా చెప్పింది. మున్షీ దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. మర్నాటి నుంచి అతను ఆమె కట్టలు ముట్టలేదు. కోడలు తెచ్చినవీ తీసుకోలేదు. టీవీలో రానీ, అప్పుడు చూద్దామని అవ్వ ఓర్చుకుంది.

బడి తెరవడంతో ఎడిటింగుకు నా స్నేహితుడొక్కడే నాగపూర్ వెళ్లాడు.

కార్యక్రమం వచ్చే సాయంత్రం అవ్వను సిరొంచకు తీసుకొచ్చాను. ఒక షావుకారు ఇంటి వాకిట్లో టీవీ ముందు కూర్చున్నాం. అవ్వ ముఖం వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం ఎవరో మగవాడిది, హిందీలో. కాంట్రాక్టరు పుణ్యాన తన ఇంట్లో పొయ్యి వెలుగుతోందని అవ్వ అంటున్నట్టు ఆ గొంతు చెప్పింది. వెనకే కాంట్రాక్టరు కుర్చీలో కూర్చుని మాట్లాడాడు. అది నా స్నేహితుడు ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. ఆఖర్న నేను పెట్టిన కంపెనీ పేరు వచ్చింది. దాని కింద అతని పేరొక్కటే ఉంది.

అవ్వకు హిందీ రాదు. ఏమంటున్నాడని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మోసం చేశాడన్నాను.

“ఆయన నాకెట్ల తెలుసు? నేను నిన్ను చూసి చెప్పిన” అంది.

నాగపూర్ వెళ్లాను. కాంట్రాక్టరు బంధువుల మేడలో ఒక గది, బయట మా కంపెనీ బోర్డు. నా స్నేహితుడు నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వాళ్ల అండ లేకపోతే తర్వాతి కార్యక్రమాలు తీయలేమన్నాడు.

“నువ్వు ఒక్క అవ్వను చూస్తున్నవ్. నాకు కంపెనీ నిలవడాలె గదా.”

ఆ మాటేదో రేగుంటకొచ్చి ఆమెతోనే చెప్పమన్నాను. వస్తానన్నాడు, రాలేదు. నేను మళ్లీ ఆ గది మెట్లెక్కలేదు. కంపెనీ మాత్రం చాలా ఏళ్లు బాగానే నడిచింది.

మరుసటి వేసవి అవ్వ ఆకు మోసుకుని పక్క ఊరి కల్లందాకా నడవాల్సి వచ్చింది. ఒకరోజు అడవి నుంచి ఆకు ఇంటికి తెస్తూ దారిలో కలిస్తే ఒక మూట నేనెత్తుకున్నాను. వద్దనలేదు. ఎండల గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడింది. వాళ్ల గుమ్మం దగ్గర మూట దింపాను. మునుపైతే లోపలికొచ్చి అంబలి తాగి పొమ్మనేది. ఆ రోజు మూట తీసుకుని లోపలికి పోయింది.