దక్షిణ సముద్రంలో గుండుసూది

మా ఎదురింటి టీచరమ్మ పోయారని మొన్న గురువారం పొద్దున్న పాలు పోసే భయ్యా వచ్చి చెప్పాడు. కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారట.

వసంత్ కుంజ్‌లో పదకొండేళ్లు మావి ఎదురెదురు ఫ్లాట్లు. ఆమెది కాకినాడ. ఢిల్లీ బడుల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. మేం దిగిన వారానికే ఒక కాగితం చుట్ట పట్టుకుని వచ్చారు. విప్పితే ప్రపంచ పటం, అయిదువందల ఏళ్ల కిందటి దానికి నకలు. ఓడల పక్కన వింత జంతువులు, మూలల్లో గాలి ఊదే మొహాలు, అడుగున ఎవరూ చూడని పెద్ద ఖండం.

"హాల్లో పెట్టుకోమ్మా, తలుపు తీయగానే కనపడేట్టు," అన్నారు.

పెళ్లికైనా గృహప్రవేశానికైనా ఆమె ఇచ్చేది అదే. మునిర్కాలో ఒక షాపులో దగ్గరుండి ప్రింటు వేయించేవారు. సముద్రం రంగు వెలిసినట్టుంటే "ఫిర్ సే, భయ్యా" అని నిమ్మళంగా వెనక్కిచ్చి మళ్లీ వేయించేవారు. ఇది చదివే ఢిల్లీ తెలుగువాళ్లలో కొందరి గోడల మీదా ఆ పటం ఉండే ఉంటుంది.

ఇన్ని తప్పులున్నదాన్ని ఎందుకు పంచుతారండీ అని ఒకసారి అడిగాను.

"తెలియని చోటును వాళ్లు ఖాళీగా వదల్లేదమ్మా, ఏదో ఒకటి గీశారు. ఇప్పటి పటాల్లో అన్నీ ఉన్నాయి. మా ఆయన మాత్రం ఎక్కడా లేరు."

ఆయన ఓడలో ఇంజనీరు. పెళ్లయిన మూడో ఏడు దక్షిణ సముద్రంలో ఓడ మునిగింది. మనిషి దొరకలేదు. ఆ రోజే తన హాల్లోని పటం చూపించారు. అద్దం లేకుండా అట్టకు అతికించి, ఎత్తుగా తగిలించారు. అడుగు సముద్రంలో ఒక గుండుసూది. దాని వెనక సన్నటి చిల్లుల వరుస.

"నేను కదపనమ్మా," అన్నారు, పొయ్యి మీద పప్పు ఉందని చెప్పినంత మామూలుగా. "అప్పుడప్పుడూ దానంతటదే జరిగి ఉంటుంది."

"మరి అందరికీ ఎందుకు ఇవ్వడం?"

"ఆయనకి దిక్కు తెలియాలిగా. ఎన్ని ఇళ్లలో ఉంటే అంత మంచిది."

ఆ సాయంత్రమే మా పటం తీసి మంచం కింద పెట్టేశాను. రెండు రోజులకు ఆమె వచ్చి ఖాళీ గోడ చూశారు. ఎప్పటిలాగే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. అది తెలుగు చదవడం నేర్చుకుంది ఆమె దగ్గరే. నాకు గుర్గావ్ ఆఫీసులో ఆలస్యమైతే దానికి అన్నం పెట్టిందీ ఆమే. ఆ రోజు ఆమె ఏమీ అనకపోవడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరి ఏడాది చూపు మందగించింది. భుజాలు పట్టేసి చేతులు పైకి లేచేవి కావు. తల నేనే దువ్వేదాన్ని. పోయిన ఆదివారం దువ్వుతుంటే అడిగారు.

"సూది ఎక్కడుందో చూడమ్మా."

చూశాను. సముద్రంలో లేదు. చిల్లులు తీరం దాటి నేల మీదికి ఎక్కాయి. ఆ పటంలో ఢిల్లీ పేరు లేదు, కానీ అది ఉండాల్సిన చోటే సూది నిలబడి ఉంది.

"దగ్గరికొచ్చేశారండీ," అన్నాను.

"అచ్ఛా," అన్నారు. "అయితే ఆ ఆకుపచ్చ చీర తీసి పెట్టు."

గురువారం నేను వెళ్లేసరికి ఆ చీరలోనే ఉన్నారు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల కొంచెం పక్కకు వాలి ఉంది. ఎదురుగా ఇంకో కుర్చీ వేసి ఉంది. దాని మీద మడత విప్పిన తువాలు. వాన చుక్క ఎరగని మే నెల. పక్కన పెడదామని చేత్తో తీశాను. తడిసి బరువుగా ఉంది. ఉప్పు వాసన వేస్తోంది.